ఆవిరి పట్టిన మాస్కు

నీళ్లకి దూరమైన డైవరుకి గట్టు మీద కాలు నిలవదు. మామయ్యకి అసలే నిలవదు. కుడి చెవి లోపలి పొరకి చిల్లు పడింది, ఇంకోసారి మునిగితే కళ్లు తిరిగి అక్కడే ఉండిపోతావు అని డాక్టరు తేల్చి చెప్పి మూడేళ్లయింది. ఆ రోజు నుంచి ఆయన ఒక్క చోట పది నిమిషాలు కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. అన్నం కూడా తిరుగుతూనే తినేవాడు.

ఊరంతటికీ మంచినీళ్లిచ్చే జలాశయం అది. అడుగున ఇనుప జాలీలు ఉంటాయి. వాటి గుండా నీళ్లు పంపుల్లోకి వెళ్తాయి. ఆ జాలీలకి నాచు పట్టినా, చెత్త అడ్డం పడినా డైవర్లు దిగి తీయాలి. మామయ్య ముప్పై ఏళ్లు ఆ పని చేశాడు. చెవి పోయాక సామాన్ల గది తాళాలు ఆయనకిచ్చారు. ఎవరైనా నీళ్లలోకి దిగినప్పుడు పైన బల్లకట్టు మీద నిలబడి వాళ్ల నడుముకి కట్టిన తాడు పట్టుకోవడం కూడా ఆయన పనే.

నిజానికి ఆయన అక్కడ ఒక్కరికే మామయ్య. డైవర్లలో అందరికన్నా బాగా మునిగేది ఆయన కోడలు. పెళ్లై వచ్చిన మొదటి వేసవిలోనే, నాకు ఈత నేర్పుతారా మామయ్యా అని అడిగింది. ఆయన నేర్పాడు. ఆ పిల్ల ఈతతో ఆగలేదు, సిలిండరు కట్టుకునేదాకా వదల్లేదు. కొడుకేమో దర్జీ. బకెట్టులో నీళ్లు ఎక్కువైనా ఓ అడుగు వెనక్కి వేసే రకం. నాకు పుట్టాల్సిన పిల్ల పొరపాటున పక్కింట్లో పుట్టి, దారి కనుక్కుని వచ్చేసింది అని మామయ్య అందరితో అనేవాడు. పనిలో కూడా ఆవిడ మామయ్యా అనే పిలిచేసరికి మిగతావాళ్లకీ అదే నోటికి పట్టేసింది. ఇంజనీరు కూడా అంతే. హాజరు పుస్తకంలో తప్ప ఆయన అసలు పేరు ఎక్కడా లేదు.

ఆ నెలలో ఆరు కొత్త మాస్కులు వచ్చాయి. పాతవన్నీ గాజువి. ఇనుప జాలీలకి తగిలి వాటి అంచులు పెచ్చులూడుతున్నాయని వాటిని పారేసి, ఈసారి ప్లాస్టిక్ అద్దాలవి తెప్పించారు. తేలిక, వెడల్పు, కింద పడ్డా పగలవు. కోడలు మధ్యాహ్నం భోజనాల దగ్గర పెట్టె విప్పి, అందులోని కాగితం మొత్తం చదివింది. చదివి మామయ్య వైపు తిరిగింది.

"మామయ్యా, ఇవి గాజు కాదు. ఆవిరి పట్టకుండా లోపలి వైపు ఏదో పూత వేశారట. రుద్దకూడదు, మంట చూపించకూడదు. వీటిని నాకొదిలేయండి."

ఆయన క్యారియరు గిన్నె చేత్తో పట్టుకుని గది ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తున్నాడు. ఊఁ అన్నాడు. ఆ ఊఁ చెవిదాకా వెళ్లింది గానీ బుర్రదాకా వెళ్లలేదు.

ఎందుకంటే కొత్త మాస్కుని సిద్ధం చేయడం ఆయన విద్య. కొత్త గాజు మీద కంపెనీ జిడ్డు ఉంటుంది. ముఖంలోంచి వచ్చే వెచ్చటి ఆవిరి ఆ జిడ్డు మీద చుక్కలు చుక్కలుగా నిలిచిపోతుంది. కింద నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి క్షణంలో అద్దం తెల్లబడుతుంది. అందుకని మామయ్య ముందు లైటరు మంట అలా తగిలీ తగలనట్టు చూపించి, తర్వాత టూత్‌పేస్టు పెట్టి పాత బ్రష్షుతో రుద్ది రుద్ది కడిగేవాడు. ముప్పై ఏళ్లలో ఆయన తయారు చేసిన మాస్కు పెట్టుకుని ఎవరూ కింద గుడ్డివాళ్లు కాలేదు. అది ఆయనకున్న గర్వం. నీళ్లలోకి దిగలేని మనిషికి మిగిలిన గర్వం కూడా అదొక్కటే.

మర్నాడు మధ్యాహ్నం గదిలో ఒక్కడే ఉన్నాడు. తాళ్లు చుట్టాడు. చుట్టినవి విప్పి మళ్లీ చుట్టాడు. రబ్బరు సూట్ల జిప్పులకి మైనం రాశాడు. సిలిండర్లు వరసగా పెట్టి, ఆ వరస నచ్చక మార్చాడు. ఇంకేం మిగల్లేదు. చేతులు ఊరుకోలేదు. అలమరలో ఆరు పెట్టెలు కనిపించాయి.

మొదటి మాస్కుకి లైటరు చూపించాడు. ఒక్క క్షణమే. అద్దం లోపలి వైపు పాల మీద మీగడలా ముడుచుకుంది. మాడు వాసన ముక్కులో దూరింది. మామయ్య లైటరు ఆర్పి తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు. ఆ మాస్కుని పాత సూట్ల కట్ట అడుగున దోపేశాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ తప్పు చేసిన మనిషికి దాన్ని చిన్నది చేసి చూసుకునే నేర్పు ఎక్కడి నుంచో వస్తుంది. మంట పడదన్నమాట, సరే. టూత్‌పేస్టుకేం, మనం నోట్లో పెట్టుకునేదే కదా అనుకున్నాడు. మిగతా అయిదింటినీ బల్ల మీద పరిచి, భుజం నొప్పి పుట్టేదాకా రుద్దాడు. కడిగి ఆరబెడితే అయిదూ తళతళలాడాయి. ఆయన ప్రాణం కాస్త కుదుటపడింది. ఎక్కడివక్కడ పెట్టెల్లో సర్దేశాడు.

ఇంటికొచ్చాక కంగారు మళ్లీ మొదలైంది. కోడలు కూతురి తల దువ్వుతోంటే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. ఏంటి మామయ్యా అంది. ఏం లేదు, సామాన్ల గదికి తాళం వేశానా లేదా అని అన్నాడు. తాళంచెవి ఆయన వేలికే వేలాడుతోంది. ఆవిడ దానివైపు చూసి నవ్వింది. ఆయన వాకిట్లోకెళ్లి కాసేపు తిరిగొచ్చాడు. మళ్లీ గుమ్మందాకా వచ్చి, ఈసారి పలకకుండానే వెనక్కి వెళ్లిపోయాడు.

తెల్లవారి ఆఫీసుకి వెళ్లేసరికి అందరూ హడావిడిగా ఉన్నారు. రెండో జాలీకి చెట్టు మొద్దు ఒకటి అడ్డం పడింది. దాన్ని చుట్టుకుని తెగిపోయిన చేపల వల కూడా ఉంది. పంపులు ఆయాసపడుతున్నాయి. మనిషి కింద ఉండగా పంపు తిరిగితే ఆ లాగుడుకి జాలీకి అతుక్కుపోతాడు కాబట్టి పంపులు ఆపాలి. పది నుంచి పన్నెండుదాకా ఆపడానికి ఒప్పుకున్నారు. పన్నెండు దాటితే ఊళ్లో ట్యాంకులు అడుగంటుతాయని, ఆసుపత్రి వాళ్లు అప్పుడే రెండుసార్లు ఫోన్ చేశారని ఇంజనీరు చెప్పాడు.

బల్లకట్టు మీద నలుగురు. ఇంజనీరు, కోడలు, మామయ్య, పొడుగోడు అని పిలిచే ఇంకో డైవరు. ఒకరు కింద ఉంటే ఇంకొకరు సూటు వేసుకుని పైన సిద్ధంగా ఉండటం వాళ్ల పద్ధతి. కింద ఉన్నవాళ్లకి ఏమన్నా అయితే వెంటనే దిగాలి కదా.

కోడలు పెట్టె తెరిచి, మాస్కు పట్టీ సరిచేసుకోవడానికి పైకెత్తింది. ఎండ అద్దంలోంచి ఏటవాలుగా పడింది. సాలెగూడంత సన్నటి గీతలు, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి. మామయ్య చూశాడు. ఆవిడ పట్టీ వైపు చూస్తోంది, గీతలు చూడలేదు. కానీ చుట్టిన కవరు చిరిగి ఉండటం గమనించింది.

"దీన్ని ఎవరన్నా తీశారా?"

మామయ్య నీళ్లు నమిలాడు. దుమ్ము ఉంటే తుడిచానన్నాడు.

ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. ఇంజనీరు గడియారం చూసుకుంటున్నాడు. ఆవిడ అద్దంలో ఉమ్మి, వేలితో రాసి, నీళ్లలో ముంచి తీసి మొహానికి పెట్టుకుంది. బొటనవేలెత్తి చూపించి వెనక్కి వాలింది. నీళ్లు మూసుకున్నాయి.

తాడుకి ఒక భాష ఉంది. పైనుంచి ఒకసారి గుంజితే బాగున్నావా అని. కింద నుంచి ఒకసారి గుంజితే బాగున్నానని. రెండుసార్లయితే తాడు వదులు చెయ్యమని. నాలుగుసార్లయితే ఉన్నపళంగా పైకి రమ్మని. అయిదేసి నిమిషాలకోసారి అడిగితే చాలు. మామయ్య నిమిషానికోసారి అడిగేవాడు. అది అందరికీ అలవాటే. ఆ రోజు అంతకన్నా ఎక్కువ అడిగాడు. గుంజడం, జవాబు రావడం, బల్లకట్టు ఈ చివర నుంచి ఆ చివరకి కాలు కాలిన పిల్లిలా నడవడం, మళ్లీ గుంజడం. ఊయలలా ఊగుతోంది, కాస్త నిలబడండి మామయ్యా అన్నాడు పొడుగోడు. ఆయన నిలబడ్డాడు గానీ మడమలు ఆడుతూనే ఉన్నాయి.

పావుగంట గడిచాక ఆయన బుడగల్ని చూశాడు. చూడటం కూడా కాదు. ముప్పై ఏళ్లు నీళ్లలో గడిపిన మనిషికి బుడగలు వినిపిస్తాయి. ఊపిరి వదిలినప్పుడు వచ్చే బుడగలు ఒక గుప్పెడు, కాసేపు ఆగి ఇంకో గుప్పెడు, అలా వస్తాయి. ఇప్పుడు మధ్య మధ్యలో ఉన్నట్టుండి ఒక్కసారిగా భళ్లుమని పెద్ద పెద్దవి పొంగుతున్నాయి. అంటే ఆవిడ మాస్కులోకి కావాలని నీళ్లు రానిచ్చి, అద్దం కడుక్కుని, ముక్కుతో గట్టిగా ఊది ఆ నీళ్లని బయటికి తోస్తోంది. మాస్కుకి ఆవిరి పడితే కింద చేయగలిగింది అదొక్కటే. ఒకసారైతే పర్వాలేదు. ఆయన లెక్కపెట్టాడు. నిమిషంలో రెండుసార్లు. తర్వాతి నిమిషంలో మూడు.

ఊదిన ప్రతిసారీ గాలి ఖర్చు. ఎంత ఖర్చవుతోందో చెప్పేది సిలిండరు గేజీ. ఆ గేజీ చూడాలంటే అద్దంలోంచి కనపడాలి. పక్కన చేపల వల ఉంది. కనపడని మనిషికి వల పక్కన పని.

పొడుగోడి ఒళ్లో ఉన్న మాస్కుని చటుక్కున లాక్కుని, తన నోటి దగ్గర పెట్టుకుని హా అని ఊదాడు. అద్దం సున్నం కొట్టిన గోడలా అయింది. ఎదురు చూశాడు. ఆ తెలుపు తగ్గలేదు. ఏం చేస్తున్నారు మామయ్యా అని పొడుగోడు అడుగుతున్నాడు. ఈయనకి వినపడటం లేదు. కింద ఏమన్నా అయితే దిగాల్సినవాడి మాస్కు కూడా అదే.

తాడు నాలుగుసార్లు గుంజాడు.

కాసేపటికి కింద నుంచి ఒక్కసారి. బాగున్నాను.

మళ్లీ నాలుగుసార్లు గుంజాడు. ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ అని పైకే లెక్కపెడుతూ. మళ్లీ ఒక్కసారే జవాబు. తాడు పట్టి బలంగా పైకి లాగేస్తే ఏ వలలో చుట్టుకుంటుందో తెలియదు. అలా లాగకూడదని అందరికీ నేర్పింది ఆయనే.

మామయ్య ఇంజనీరు వైపు తిరిగాడు.

"సార్, ఆ మాస్కులు నేను పాడు చేశాను. అయిదూ. వద్దని చెప్పినా వినకుండా టూత్‌పేస్టుతో రుద్దాను. ఇంకోటి కాల్చి దాచేశాను. అమ్మాయికి కింద ఏమీ కనపడటం లేదు."

ఇంజనీరుకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన మొహంలో రంగు మారింది. నువ్వు దిగు అని పొడుగోడితో అన్నాడు. అతని మాస్కు పరిస్థితీ అంతేనని మామయ్య చెప్పాడు. ఒక్క క్షణం ముగ్గురూ ఆ తెల్లటి అద్దం వైపే చూశారు.

అప్పుడు మామయ్య బుర్ర పనిచేసింది. పూత పోయింది సరే, పూత చేసే పనేమిటి? ఆవిరిని చుక్కలుగా నిలవనీయకుండా పల్చటి పొరలా జారిపోయేట్టు చేయడం. సబ్బు కూడా అదే చేస్తుంది. ఇన్నాళ్లూ సబ్బు రాసుకునే డైవర్లని చూసి, నేర్చుకోలేనివాళ్ల పని అని నవ్వేవాడు ఆయనే. పంపుహౌసులో టీ గిన్నెలు కడిగే సబ్బునీళ్ల సీసా ఉంటుంది, తెప్పించండి అన్నాడు. ఎవరు తెస్తారు? పొడుగోడు సిలిండరు బరువుతో ఉన్నాడు. తాడు వదిలేసి మామయ్య కదలకూడదు. ఊరంతటికీ నీళ్ల లెక్కలు చూసే ఇంజనీరు, బూట్లతోనే నడక వంతెన మీద గిన్నెల సబ్బు కోసం పరిగెత్తాడు.

ఆ నాలుగు నిమిషాలూ మామయ్య అంగుళం కదల్లేదు. మూడేళ్లలో మొదటిసారి ఆయన కాళ్లు ఉన్నచోటే ఉన్నాయి. ఒళ్లంతా లోపల పరుగెడుతోంది, అరచేతుల్లో తాడు తడిసిపోతోంది. చూపు మాత్రం బుడగల మీదే ఉంది. చిన్న గుప్పెడు. పెద్ద పొంగు. మళ్లీ పెద్ద పొంగు. రెండింటి మధ్య ఎడం తగ్గుతోంది.

సీసా వచ్చింది. ఒక్క చుక్క అద్దం లోపల వేసి, బ్రష్షూ గుడ్డా లేకుండా వేలి కొసతో మెల్లగా నాలుగు మూలలకీ రాశాడు. నీళ్లలో ఒకే ఒక్కసారి ముంచి తీశాడు. ఎక్కువ కడిగితే సబ్బు మొత్తం పోతుంది. హా అని ఊదాడు. అద్దం అవతల పొడుగోడి గడ్డం మీది పుట్టుమచ్చ కనిపించింది.

కళ్లు మండుతాయిరా అన్నాడు. మండనీ అని పొడుగోడు పెట్టుకుని, తాడు పట్టుకునే కిందికి జారిపోయాడు.

తర్వాత ఏం జరిగిందో పైన ఉన్నవాళ్లకి తెలియదు. బుడగలు రెండు చోట్ల నుంచి వచ్చాయి. ఆ రెండు చోట్లూ దగ్గరయ్యాయి. తర్వాత పైకి వస్తున్నామన్నట్టు తాడు నాలుగుసార్లు కదిలింది. మామయ్య మెల్లగా, బిగువు తప్పకుండా తాడు చుట్టుకుంటూ వచ్చాడు. రెండు తలలు పైకి తేలాయి.

ఆవిడ బల్లకట్టు అంచు పట్టుకుని మాస్కు తీసేసింది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. గేజీ ముల్లు ఎర్ర గీత మీద ఉంది. పొడుగోడు ఆ గేజీ చూపించేదాకా తనకింకా సగం గాలి ఉందనే అనుకుంటోందట. ఊపిరి పీల్చుకుని, పాలగ్లాసులో తల పెట్టినట్టుంది అంది. కళ్లు మూసుకుని చేతులతో తడుముకుంటూనే మొద్దుకి ఇనుప తీగ కట్టేసిందట. వల కోయడం మాత్రం మిగిలింది.

మామయ్య ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇంజనీరుతో చెప్పిందే మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి దుమ్ము తుడిచానన్న అబద్ధాన్ని కూడా కలిపాడు. ఆవిడ విన్నది. టైమెంతయింది అని అడిగింది. పదకొండు కావస్తోంది.

ఇంజనీరు పని ఆపేద్దామన్నాడు. ఊరికి ఇవాళ్టికి నీళ్లు లేవని చెప్పేస్తానన్నాడు. ఆవిడ కొత్త సిలిండరు బిగించమని పొడుగోడికి చెప్పి, మాస్కు మామయ్య చేతిలో పెట్టింది. సబ్బు మీరే రాయండి అంది. ఆయన రాశాడు. ఊది చూపించాడు. ఆవిడ కూడా ఒకసారి ఊది చూసుకుంది, ఆయన చూపించింది నమ్మకుండా. అది ఆయనకి గుచ్చుకుంది. గుచ్చుకోవాల్సిందే అని కూడా అనిపించింది.

ఒకరికొకరు తోడుగా ఇద్దరూ కలిసి దిగారు. ఈసారి బుడగలు గుప్పెడు గుప్పెడుగా, గడియారం కొట్టినట్టు వచ్చాయి. పదకొండున్నర దాటాక వల ముక్కలు పైకి తేలాయి. గట్టు మీద తీగ చుట్టే చక్రం తిప్పితే మొద్దు ఎనుబోతులా బురద కార్చుకుంటూ బయటికొచ్చింది. పన్నెండు దాటి అయిదు నిమిషాలకి పంపులు మోగాయి.

సామాను సర్దుకుంటున్నప్పుడు మామయ్య అడిగాడు, నాలుగుసార్లు గుంజితే ఎందుకు రాలేదు అని. అడిగే హక్కు తనకుందో లేదో తెలియకుండానే అడిగాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ చెప్పింది.

"తెలిసింది మామయ్యా. రెండుసార్లూ తెలిసింది. కానీ మీరు ఎప్పుడూ గుంజుతూనే ఉంటారు కదా. బాగున్నావా, బాగున్నావా అని నిమిషానికోసారి. మళ్లీ మొదలెట్టారు, కంగారులో లెక్క తప్పారు అనుకున్నాను. పని మధ్యలో ఎందుకొదలాలి అనుకున్నాను. అది నా తప్పు. కానీ మీ చెయ్యి ఏం చెబుతోందో నేను వినడం మానేసి చాలా రోజులైంది."

మాస్కు పాడు చేసిన సంగతి కన్నా ఈ మాటే ఆయన్ని ఎక్కువ కుదిపేసింది.

ఆ మధ్యాహ్నమే పాత సూట్ల అడుగు నుంచి కాలిన మాస్కు తీసుకెళ్లి ఇంజనీరు బల్ల మీద పెట్టాడు. జరిగింది తానే ఒక కాగితం మీద రాసిచ్చాడు. ఒక నెల తనని తాడు దగ్గర నిలబెట్టొద్దని ఆ కాగితంలో ఆయనే రాసుకున్నాడు. ఇంజనీరు చదివి, దాని కింద సరే అని సంతకం చేశాడు. తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేది.

ఇంట్లో రెండు రోజులు కోడలు అవసరమైనంతే మాట్లాడింది. అన్నం వడ్డించింది, మందులు గుర్తు చేసింది, అంతకు మించి లేదు. కొడుకు అటు తండ్రినీ ఇటు భార్యనీ చూసి, ఎవరి పక్షమూ తీసుకోలేక, కొట్లోంచి మెత్తటి గుడ్డ తెచ్చి మాస్కులకి సంచులు కుట్టడం మొదలెట్టాడు. ప్లాస్టిక్ అద్దం దేనికన్నా రాసుకుంటే గీతలు పడతాయని భార్య ఎప్పుడో అన్న మాట గుర్తుంచుకున్నాడు. నీళ్ల జోలికి వెళ్లని మనిషి చేయగలిగిన సాయం అది.

మూడో రోజు సెలవు. కోడలు వంటింట్లోంచి పిలిచింది. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. గట్టు మీద అయిదు మాస్కులు, ఒక గ్లాసు నీళ్లు, కూతురి షాంపూ సీసా ఉన్నాయి. గిన్నెల సబ్బుకి కళ్లు పోతున్నాయి, చంటిపిల్లల షాంపూ అయితే మండదు, ఎంత కలపాలో తేల్చుకుందాం రండి అంది.

పూటంతా అదే పని. ఉమ్ము రాసిన మాస్కు ఆవిరికి కాసేపు ఆగి చేతులెత్తేసింది. షాంపూ ఒక్కటే రాస్తే చిక్కగా ఉండి అద్దమంతా రంగులు కనిపించాయి. ఒకటికి మూడు వంతుల నీళ్లు కలిపి రాస్తే అద్దం ఉన్నట్టే తెలియలేదు. ఒక్క మాస్కుకి మాత్రం బ్రష్షు మరీ లోతుగా దిగింది, దానికేం రాసినా మసక పోలేదు. దాన్ని పక్కన పడేశారు. మాస్కు ఎండలో వేడెక్కితే కింద చల్లటి నీళ్లకి ఇంకా త్వరగా ఆవిరి పడుతుంది కాబట్టి, పెట్టుకునే ముందు కాసేపు నీళ్లలోనే ఉంచాలని ఆవిడ అంది. పైకొచ్చాక నుదుటి మీదికి నెట్టుకోకూడదు, ఒంటి వేడీ చెమటా అద్దానికి ఎక్కుతాయి అని ఈయన అన్నాడు. నుదుటి మీద మాస్కుతో ఆయన ఠీవిగా దిగిన ఫోటో ఒకటి ముందు గదిలో ఉందని ఆవిడ గుర్తు చేసింది. వయసు మీద ఉన్నప్పుడు ఎవరు మాత్రం చెప్పిన మాట విన్నారు అన్నాడు. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు కోసం ఆయన మూడు రోజులుగా ఎదురు చూస్తున్నాడని అప్పుడు తెలిసింది ఆయనకి. తన షాంపూ సగం అయిపోయిందని పిల్ల వచ్చి గొడవ పెట్టింది.

తాడు భాష గురించి కూడా అక్కడే మాట్లాడుకున్నారు. అయిదు నిమిషాలకోసారి మాత్రమే అడగాలి. నాలుగుసార్లు వస్తే ఎదురు ప్రశ్న లేకుండా పైకి రావాలి, చెయ్యి ఎవరిదైనా సరే. ఆవిడ ఒప్పుకుంది. ఈయన కూడా ఒప్పుకున్నాడు గానీ, అయిదు నిమిషాలంటే ఎంతసేపో ఆవిడకి తెలియదనుకున్నాడు.

నెల గడవడానికి ఇంకా పది రోజులుండగా మూడో జాలీ చూడటానికి వెళ్లారు. తాడు ఇంజనీరు పెట్టిన ఇంకో మనిషి పట్టుకున్నాడు. మామయ్యకి బల్లకట్టు మీద పనేమీ లేదు. ఒక పెట్టె మీద కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకున్నాడు. బుడగలు చూడొద్దనుకుని కొండ వైపు చూశాడు, కొండ వైపు చూస్తూ బుడగలే విన్నాడు. అంతా సవ్యంగానే ఉంది. అయినా లోపల ఏదో గీరుతూనే ఉంది. ఆ గీరుడు మాస్కుది కాదు, తాడుది కాదు. కింద తనకి ఇల్లు లాంటి చోటు ఉంది. అక్కడికి తాను వెళ్లలేడు. మూడేళ్లుగా గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి నడిచింది దానికోసమే.

ఆవిడ పైకొచ్చింది. మాస్కు మెడలోకి దించుకుంది. అద్దం తేటగా ఉంది. జాలీ బాగుంది, ఒక మేకు మాత్రం వదులైంది అని ఇంజనీరుకి చెప్పింది. సిలిండరు దించుకుని వచ్చి మామయ్య పక్కన కూర్చుంది.

చెవి పోయాక ఆయన జాలీ గురించి అడిగేవాడు, గేటు గురించి అడిగేవాడు. పనికొచ్చేవి తప్ప ఇంకేవీ అడిగేవాడు కాదు. ఇప్పుడు నీళ్ల వైపు చూస్తూ అడిగాడు.

"ఇంకా ఏమున్నాయమ్మా కింద?"

ఆవిడకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. జుట్టులోంచి నీళ్లు పిండుకుంటూ మొదలుపెట్టింది. గోడ పగులులో ఒక చేప గుడ్లు పెట్టిందట. పక్కనే ఉండి తోకతో వాటికి నీళ్లు విసురుతోందట. తన చెయ్యి దగ్గరికెళ్తే పారిపోకుండా వేలిని పొడిచిందట. ఒంటి మీద నల్ల చారలున్నాయా, కళ్ల చుట్టూ పసుపుందా అని అడిగాడు ఆయన. పసుపు కాదు, నారింజ అంది ఆవిడ. నారింజంటే మగది, గుడ్లని కాచేది మగదే అన్నాడు. అవునా అని ఆవిడ ఆయన వైపు తిరిగి కూర్చుంది. ఎండకి సూటు మీది నీళ్లు ఆరిపోయేదాకా ఆయన అడుగుతూనే ఉన్నాడు, ఆవిడ చెబుతూనే ఉంది.